ఏటి అవతల పురుడు

మీ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు అన్నచోట ఏం రాసి ఉందో ఒకసారి చూసుకోండి. మనవాళ్ళలో చాలామందికి అక్కడ అమ్మమ్మగారి ఊరే ఉంటుంది. వేసవి సెలవులకు తప్ప మనం ఎన్నడూ ఉండని ఊరు. అది చూసి మీరెప్పుడూ భయపడి ఉండరు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఒక రోజు గడిచేదాకా నేనూ పడలేదు.

ఈ దేశంలో నేను దుభాషిగా పనిచేశాను. కోర్టులో ప్రమాణం చేసి ముద్ర తీసుకున్న దుభాషిని. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒక పక్క, జర్మన్ ఇంకో పక్క, మధ్యలో నేను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మొన్న డ్రెస్డెన్ నుంచి వచ్చిన మాస్టర్స్ పిల్లలు, పులిహోర తింటూ, "ఆంటీ, డ్యూటీలో మీకెప్పుడైనా భయమేసిందా?" అని అడిగారు. ఏ దొంగల కేసో, హత్య కేసో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఈ సంగతి చెప్పాను. చెప్పడం అయ్యేసరికి పులిహోర అలాగే మిగిలిపోయింది. పేర్లు రాయను, కొన్ని గుర్తులు మార్చాను. భయం మాత్రం మార్చలేదు.

మా పనికి రెండు కట్టుబాట్లు. ఎదుటి మనిషి "నేను" అంటే నేనూ "నేను" అనాలి. "ఆయన ఇలా అంటున్నాడు" అనకూడదు. రెండోది, సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. నాకు పని నేర్పిన పెద్దాయన ఇరాన్ నుంచి వచ్చిన ఫార్సీ దుభాషి. "నీ నోరు అద్దెకిచ్చావు. అద్దెకున్నవాళ్ళు లోపల ఏం వండుకుంటే నీకెందుకు? మీటె, అదే నీ అద్దె, వస్తోందా లేదా, అది చూసుకో" అనేవాడు. జాలిపడి తన మాటలు కలిపిన ఒక సహోద్యోగిని పోలీసులు ఇంకెప్పుడూ పిలవలేదని కూడా చెప్పేవాడు. ఆ రెండో మాట నవ్వకుండా చెప్పేవాడు.

ఆ రోజు పొద్దున ఫోన్ వచ్చింది. విమానాశ్రయంలోని సరిహద్దు పోలీసులు. "తెలుగు కావాలి. మనిషికి ఇంగ్లీషు వచ్చు, అయినా మాట్లాడనంటున్నాడు" అన్నారు. ఎస్-బాన్ లోకల్ రైలెక్కి వెళ్ళాను. గేట్ల అవతల, ప్రయాణికులకు కనిపించని వైపు, కిటికీ లేని గది. ఆ గదులు నాకు కొత్త కాదు. కానీ అందులో ఎన్నిసార్లు కూర్చున్నా, తలుపు మూసుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడుకి ఒకసారి వెనక్కి తిరిగి చూసేదాన్ని.

బల్లకు అవతల అధికారిణి. నలభై దాటిన మనిషి, బిగించి కట్టిన జుట్టు, నడుముకి తుపాకి. మాట కటువు, కానీ అన్యాయం చేసే మనిషి కాదని ఇంతకుముందు కలిసి చేసిన పనుల్లో చూశాను. ఇవతల యాభై దాటిన ఒకాయన. చేతుల మీద నూనె చిట్లి కాలిన మచ్చలు. ఒళ్ళో సంచి. దాన్ని కింద పెట్టమంటే పెట్టలేదు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"తెలుగోరేనా అమ్మా?"

నాకు ఒళ్ళు జలదరించింది. అచ్చం శ్రీకాకుళం పల్లెల మాట. కాకపోతే రాగం వేరుగా ఉంది. ఆయన తాత ఆ పల్లెల నుంచి పడవెక్కి మలయా రబ్బరు తోటలకు కూలికి వెళ్ళినవాడట. ఈయన ఇండియా ముఖం చూడలేదు.

ఇంగ్లీషులో ఎందుకు మాట్లాడవని అధికారిణి అడిగింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇంగిలీసులో నాను సెప్పిందల్లా నా మీదకే తిరిగొచ్చింది. ఈసారి మా అమ్మ బాసలోనే సెప్తాను. తప్పొచ్చినా నా తప్పే అవుతాది."

నేను ఆ మాటలే జర్మన్‌లో, నేను అంటూ, చెప్పాను. అక్కడి నుంచి ఆయన కథంతా నా నోట్లోంచే వచ్చింది. ఇంగ్లండులో హోటళ్ళ వంటగదుల్లో ఏళ్ళ తరబడి పనిచేశాను. ఉండడానికి హక్కు లేదు, వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళిపోతున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి మలేషియా వెళ్ళాలి. గేటు దగ్గర ఆపేశారు. ఈ బ్రిటిష్ పాస్‌పోర్టుతో అక్కడికి నువ్వు పరదేశివి, తిరుగు టికెట్టు చూపించు, ఏ దేశం నిన్ను వెనక్కి రానిస్తుందో చూపించు అన్నారు. చూపించలేకపోయాను. ఇంగ్లండుకే పోతానంటే అక్కడా రానివ్వరన్నారు.

"ఇప్పుడు వెళ్ళవలసిన తొందర ఏమిటి?" అధికారిణి అడిగింది.

ఆయన గొంతు మొదటిసారి మెత్తబడింది. "మా పిల్లకి తొలి కానుపు. నెలలు నిండొచ్చినాయి. దానికి తల్లి నేదు. పుట్టిల్లంటే నానొక్కడినే. ఒక గది అద్దెకి మాటాడి ఉంచాను. ఎల్లి దాన్ని పురిటికి తీసుకొచ్చుకోవాల."

అధికారిణి తల ఊపి రాసుకుంది. తరువాత బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. అసలు భయం అక్కడ మొదలైంది.

ఒకటి ఆయన తండ్రి జనన పత్రం. ఇంకోటి ఆ తండ్రి తల్లిదండ్రుల పాత చిరునామా ఉన్న తోట కాగితం. పుట్టింది ఒక చోట, వాళ్ళ కాపురం మరో చోట, మధ్యలో ఏరు. ఆ ఏరే ఆ రోజుల్లో సరిహద్దు.

ఆ ఏరు ఎందుకంత ముఖ్యమో మీకు చెప్పాలి. మనం బళ్ళో చదువుకున్నదల్లా ఒక రోజు, ఒక జెండా. బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న నేలంతా ఒకే రకం కాదని ఎవరూ నొక్కి చెప్పరు. కొంత నేల అచ్చంగా రాజుగారి సొంతం. దాన్ని కాలనీ అన్నారు. అక్కడ పుట్టినవాడు ఆ రాజుగారి ప్రజ. కొంత నేల పేరుకు స్థానిక రాజుది, సుల్తానుది, పెత్తనం మాత్రం తెల్లవాళ్ళది. దాన్ని రక్షిత రాజ్యం అన్నారు. అక్కడ పుట్టినవాడు సుల్తాను మనిషి, తెల్లవాళ్ళ నీడన ఉన్నవాడు. కెనడా వంటివాటికి డొమినియన్ అని ఇంకో హోదా. మనకూ రాజ్యాంగం వచ్చి రిపబ్లిక్ అయ్యేదాకా అదే హోదా. అందరూ కలిసి ఉన్నంతకాలం ఈ మాటల తేడా కాగితాల మీదే ఉంటుంది. విడిపోయే రోజున ఎవరు ఎవరి మనిషన్న లెక్క తీస్తారు. అప్పుడు ఏటికి ఏ ఒడ్డున పుట్టావన్నది చూస్తారు.

ఈయన తండ్రి పుట్టింది కాలనీ ఒడ్డున, పినాంగ్ కిందికి వచ్చే నేల మీద. తాత తోట మాత్రం సుల్తాను ఒడ్డున. మలయా బ్రిటిష్ వాళ్ళ నుంచి విడిపోయాక కూడా కాలనీ ఒడ్డున పుట్టినవాళ్ళకు పాత బ్రిటిష్ హోదా ఒకటి కొత్త పౌరసత్వంతో పాటు మిగిలింది. అది తండ్రి నుంచి ఈయనకు వచ్చింది. ఆయన పాస్‌పోర్టు దాని పుణ్యమే.

"పాస్‌పోర్టు పుస్తకం అసలుదే," అంది అధికారిణి. "కానీ ఈ జనన పత్రం చూపించి దాన్ని సంపాదించారు. మీ తాత, నానమ్మ ఏటి ఆ ఒడ్డున ఉంటే బిడ్డ ఈ ఒడ్డున ఎలా పుట్టాడు?"

"మా నానమ్మ పురిటికెల్లింది."

చెప్పాను.

"ఆ తోటలో ఆసుపత్రి లేదా?"

"ఉంది."

"మంత్రసాని?"

"ఉంది."

"మరి ఏరు దాటి ఎందుకు వెళ్ళింది?"

ఆయన అధికారిణిని చూశాడు, నన్ను చూశాడు. ప్రశ్న అర్థం కాలేదు పాపం. అన్నం ఎందుకు తింటావని అడిగితే ఎలా చూస్తామో అలా చూశాడు. "అదేటమ్మా, తొలి పురుడు మరెక్కడ పోసుకుంటారు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జర్మన్‌లో అది పొగరుగా వినిపించింది. నా చెవికే వినిపించింది. అధికారిణి కలం ఆగింది. "అంటే కారణం చెప్పనంటున్నారు," అని మెల్లగా అంటూ రాసింది. తప్పుడు పత్రంతో పాస్‌పోర్టు పొందారన్న అనుమానం, కేసు, కస్టడీ. ఈ మాటలు ఆవిడ అంటుంటే నేను తెలుగులోకి తెస్తున్నాను. ఆయన సంచిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"బయమేస్తంది అమ్మా," అన్నాడు. "ఈ తలుపు అటేపు తెరిసినా బయమే, ఇటేపు తెరిసినా బయమే."

నేను జర్మన్‌లో "నాకు భయంగా ఉంది" అన్నాను. అది ఆయన మాటో నా మాటో ఆ క్షణాన నాకే తెలియలేదు.

నాకు మా పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. మా నాన్నగారిది కృష్ణా జిల్లా, బ్రిటిష్ వాళ్ళ నేల. అమ్మ పుట్టిల్లు కోదాడ వైపు, నిజాం నేల. ఇవతల స్వాతంత్ర్యం వచ్చి జెండాలెగిరిన ఆ ఏడే అమ్మ తొలి చూలుతో పుట్టింటికి బండి కట్టించుకుని వెళ్ళింది. అవతల ఇంకా జెండా లేదు, రజాకార్ల భయం ఉంది. నాన్న వద్దన్నాడట. "తొలి పురుడు ఇక్కడ పోసుకుంటే మావాళ్ళు బతికున్నా లేనట్టే" అందట అమ్మ. అన్నయ్య అక్కడే, తలుపులు బిడాయించిన ఇంట్లో పుట్టాడు. ఇంటిల్లిపాదీ స్వతంత్ర భారతీయులు, మావాడు మాత్రం నిజాం ప్రజ. ఆ ముక్క పట్టుకుని చిన్నప్పుడు వాణ్ణి తెగ ఏడిపించేవాళ్ళం. ఏడాది తిరగకుండా హైదరాబాదు కలిసిపోయింది కాబట్టి అది నవ్వులాటగా మిగిలింది. కలవకపోయి ఉంటే ఏమయ్యేదో ఆ గదిలో కూర్చునేదాకా నాకు తట్టలేదు.

నోరు అద్దెకిచ్చినదాన్ని. మాట కలిపితే రేపు నన్ను పిలవరు. అప్పటికి మా ఆయన ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నాడు, ఇల్లు నా ముద్ర మీదే నడుస్తోంది. అయినా చెయ్యి ఎత్తాను, బళ్ళో పిల్లలా.

"దుభాషిగా ఒక వివరణ ఇవ్వవచ్చా? ఇది ఆయన మాట కాదు, నా మాట అని రాసుకోండి."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "దేని గురించి?"

"మా వాళ్ళలో మొదటి బిడ్డను తల్లి తన పుట్టింట్లో కంటుంది. భర్త ఊళ్ళో ఆసుపత్రి ఉన్నా, డాక్టర్లున్నా, మధ్యలో ఏరున్నా సరే. మీరు కారణం అడుగుతున్నారు. అదొక కారణమని ఆయనకు తట్టలేదు."

"దీనికి రుజువు?"

నా చేతిసంచిలోంచి నా జర్మన్ పాస్‌పోర్టు తీశాను. పుట్టిన ఊరు చూపించాను. "నాకు ముందు పుట్టిన ఇద్దరూ, నేనూ అమ్మమ్మ ఇంట్లోనే పుట్టాం. మా అమ్మకి పుట్టిల్లంటే మహా పిచ్చి. నేను ఈ ఊళ్ళో ఎప్పుడూ కాపురం లేను. నాకు పౌరసత్వం ఇచ్చేటప్పుడు మీవాళ్ళు ఇలా ఎందుకుందని అడగలేదు."

ఆ చివరి మాట అక్కర్లేదు. నా నోటి దురుసు. ఆవిడ నన్ను అలాగే చూసింది. నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ లేచి నా పాస్‌పోర్టు పట్టుకుని బయటికి వెళ్ళింది. అధికారి లేనప్పుడు మాట్లాడకూడదు, అదీ కట్టుబాటే. ఆయన నా వైపు చూసి చిన్నగా దణ్ణం పెట్టాడు. నేను చూడనట్టు గోడ వైపు తిరిగాను.

తిరిగివచ్చి నా పాస్‌పోర్టు నా ముందు పెట్టింది. "వివరణ నమోదు చేశాను. అనుమానం తీసేస్తున్నాను," అంది.

నేను తెలుగులో చెప్పాను. ఆయన మొహం వెలిగింది. నాదీ వెలిగే ఉంటుంది. అక్కడితో ఆగిపోయి ఉంటే నేనీ కథను గొప్పగా చెప్పుకుని ఉండేదాన్ని.

ఆవిడ బ్రిటిష్ కాన్సులేటుకి ఫోన్ చేసింది. స్పీకరు మీద పెట్టింది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. అవును, పాస్‌పోర్టు మాదే. అవును, ఆయన మా జాతీయుడే. కానీ మా దేశంలో ఉండే హక్కు ఈ హోదాకు లేదు. అధికారిణి ఇంకోసారి చెప్పమంది. అవతలివాళ్ళు అదే మర్యాదతో ఇంకోసారి చెప్పారు.

"మరి మలేషియా పౌరసత్వం?" ఆవిడ ఈయన్ని అడిగింది.

"వొదిలీసాను." తల వంచుకున్నాడు. "ఒక ఏజెంటు సెప్పాడు, అది వొదిలేస్తే ఇది నిండు పౌరసత్వం అయిపోతాదని. సంతకం ఎట్టాను. మా సిన్నాన్నలు ఏటవతల పుట్టినోళ్ళు, ఆళ్ళకి ఈ పాస్‌పోర్టు నేదు. నానే గొప్పోణ్ణనుకున్నాను. మా నాన ఎప్పుడూ అనీవోడు, మనం రాణీగారి మనుసులం అని."

అధికారిణి కలం కింద పెట్టింది. ఆవిడ తూర్పు జర్మనీలో పుట్టిందట. అది రికార్డులోకి రాయని మాటగా నాతో అంది. "నేను పుట్టిన దేశం కూడా ఇప్పుడు లేదు. కానీ దేశం పోతే ఇంకో దేశం మనల్ని తీసుకుంటుంది కదా. నేను అలాగే అనుకున్నాను."

నేనూ అలాగే అనుకున్నాను. నా వివరణ వల్ల ఆ కాగితాలు నిజమని తేలాయి. నిజమని తేలింది కాబట్టి ఆయన ఎవరి మనిషీ కాడని కూడా తేలింది. అబద్ధమని తేలి ఉంటే జైలు తరువాతైనా ఏదో ఒక దేశానికి నెట్టేవారేమో. ఇప్పుడు నెట్టడానికి కూడా చోటు లేదు. చన్నీళ్ళు మీద పోసినట్టయింది నాకు. ఇరాన్ పెద్దాయనతో తరువాత ఈ సంగతి చెబితే ఆయన టీ గ్లాసు నా వైపు జరిపాడు. "నువ్వు చెప్పకపోయినా నిజం అదే కదా," అన్నాడు. అది ఓదార్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరువాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పోలీసులు నన్ను పిలవడం మానలేదు. ఆయన్ని దేశంలోకి రానిచ్చారు, కానీ పౌరుడిగానూ కాదు, అతిథిగానూ కాదు. పంపడం కుదరదు కాబట్టి ఉండనిస్తున్నామని ఒక కాగితం ఇచ్చారు. కొన్ని నెలలకొకసారి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని పొడిగించుకోవాలి. జాతీయత అన్నచోట "తేలలేదు" అని రాసి ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి, టెర్మిన్ రోజున పొద్దున్నే తలుపు చప్పుడైతే భయమేస్తుందని చెప్పాడు. నాకు నా పాత గదులు గుర్తొచ్చి, నాకూ వేస్తుందయ్యా అన్నాను.

ఆ రోజుకి వస్తాను. సాయంత్రం అయ్యేసరికి ఆయన్ని ఏ ఊరి శిబిరానికి పంపాలో ఖాయమైంది. చిన్న ఊరు, పేరు మాత్రం పొడుగు. కూతురికి ఫోన్ చేసుకోవచ్చని అధికారిణి అంది. స్పీకరు మీద మాట్లాడాలి, నేను జర్మన్‌లో చెబుతుండాలి.

"నానా, ఏ విమానానికొస్తన్నావు?" అమ్మాయి గొంతు సంతోషంగా ఉంది. "నాను బట్టలు సద్దీసుకున్నాను. పెట్టి గుమ్మం కాడే ఉంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "పెట్టిలో బట్టలు తీసీమ్మా. మీ అత్తోరి బీరువాలోనే ఎట్టీసుకో. నాను రానేను."

నేను జర్మన్‌లో చెప్పాను. పెట్టెలో బట్టలు తీసెయ్యి. నేను రాలేను.

అమ్మాయి ఏడవలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "మరి నువ్వెక్కడుంటావు నానా?" అంది.

ఆయన నా వైపు చూశాడు. ఊరి పేరు చెప్పాను. అనబోయాడు, నోరు తిరగలేదు. మళ్ళీ అనబోయి ఆగిపోయి, "మీరే సెప్పండమ్మా మా పిల్లకి," అని ఫోను నా వైపు జరిపాడు. నేను ఆ పేరు నెమ్మదిగా చెప్పాను. అమ్మాయి ఒక్కో అక్షరం పలుకుతూ రాసుకుంది.

"ఇది ఏ దేశంలో ఉందండీ?"

"జర్మనీలో అమ్మా."

అమ్మాయి అదీ రాసుకుంది. తరువాత అడిగింది. "అయితే మా నాన ఇంక ఆ దేశం మనిసేనాండీ?"

ఆ ప్రశ్న నేను అధికారిణి వైపు తిరిగి జర్మన్‌లో అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తల ఊపితే ఫోనులో వినిపించదు కాబట్టి, ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.